స్టెంటు కంటే ముందు స్కాన్

ధర్మవరంలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఇప్పటికీ చాలా ఇళ్లలో మొదట తాగించేది పసరు మందే. అది గుణమివ్వకపోతే రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్. పైత్యనాళం మూసుకుపోయిందని తేలితే అనంతపురమో బెంగళూరో పరుగెత్తి స్టెంటు వేయిస్తారు. పచ్చదనం దిగుతుంది, దురద తగ్గుతుంది, ఇంట్లోవాళ్ల గుండె కుదుటపడుతుంది. అసలు జబ్బు క్లోమంలో గడ్డ అని కొందరికి ఆ తర్వాతెప్పుడో తెలుస్తుంది. ఈ వరస మారాలి.

క్లోమం కడుపు వెనక, వెన్నుకు దగ్గరగా ఉంటుంది. పేగులకూ కాలేయానికీ సంబంధించిన పెద్ద రక్తనాళాలు దాన్ని ఒరుసుకుంటూ పోతాయి. గడ్డ వాటిని తాకిందా, చుట్టేసిందా అన్నదాన్ని బట్టే ఆపరేషన్ నిర్ణయం. రక్తనాళాల సంగతి సీటీ బాగా చెబుతుంది కాబట్టి మొదట తీసేది అదే. ఎమ్మారై అవసరం ఆ తర్వాత. కాలేయంలో సీటీకి చిక్కని చిన్న మచ్చలు, క్లోమంలో నీటితిత్తి ఉంటే దాని లోపలి గోడలు, దానికీ క్లోమనాళానికీ ఉన్న సంబంధం ఇందులో తేటగా కనబడతాయి. క్లోమం తలలో గడ్డకు చేసే విపుల్ ఆపరేషన్‌లో చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళంలో కొంత కూడా తీసేస్తారు. కాలేయానికి ఇప్పటికే పాకి ఉంటే ఆ కోతతో సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు. మగ్గం మీద బతికే మనిషికి నెలల తరబడి పని మాత్రం పోతుంది. జబ్బు బయటపడేనాటికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15 నుంచి 20 మందికే. ఆ కొద్దిమందిని సరిగ్గా గుర్తించాలంటే బొమ్మ స్పష్టంగా ఉండాలి.

స్టెంటు ముందే వేస్తే ఆ బొమ్మే చెడుతుంది. నాళం చుట్టూ వాపు వస్తుంది, ఒక్కోసారి క్లోమం మొత్తం వాస్తుంది. ఏది వాపో ఏది గడ్డో చెప్పడం అనుభవమున్న రేడియాలజిస్టుకూ కష్టమే. పైగా స్టెంటు అందరికీ అవసరం లేదు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో 39 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు వస్తే, ముందుగా స్టెంటు వేయించుకున్నవారిలో 74 శాతానికి వచ్చాయి. అప్పుడు వాడినవి ఎక్కువగా ప్లాస్టిక్ స్టెంట్లన్నది నిజమే. చలిజ్వరంతో నాళంలో చీము పట్టినవారికి స్టెంటు ఆపకూడదన్నదీ నిజమే. మిగతావారి విషయంలో మాత్రం, స్కాన్ అయ్యాకే స్టెంటు సంగతి చూద్దామని మన డాక్టర్లే ముందుగా చెప్పాలి.

నొప్పి లేకుండా కామెర్లు వచ్చినా, యాభై దాటాక కొత్తగా షుగర్ బయటపడి మనిషి చిక్కిపోతున్నా ఆలస్యం చేయకండి. పేస్‌మేకర్ ఉంటే ఎమ్మారై గదిలోకి వెళ్లకముందే చెప్పండి. బెంగళూరు రైలెక్కేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి, సర్జన్ కళ్లారా చూసుకోవలసింది ఆ బొమ్మల్నే. స్కాన్ తీసి నాలుగు వారాలు దాటితే ఆపరేషన్‌కు ముందు మళ్లీ తీయమంటారు. డబ్బు గుంజడానికని అనుమానించకండి, ఆలోపే ఈ గడ్డ పాకి ఉండొచ్చు.