టైటిల్ కార్డులో ఒక నవలాకారుడు

చిలకలూరిపేట దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. నాలుగు పేజీల ఉత్తరం, అయిదో కాగితం మీద సావిత్రి బొమ్మ. బొమ్మ బాగుంది, ముఖ్యంగా కళ్ళు. ఇంతకీ అతని బాధ ఇది: "నేను బొమ్మలు వేస్తాను, కథలూ రాస్తాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకురా అంటారు మా మాస్టారు. రెండూ మానేసి మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తోలమంటాడు మా నాన్న. మీరేమంటారు?"

నేనేం అనను తమ్ముడూ! నీకొక మనిషిని పరిచయం చేస్తాను. ఆ తరవాత నీ ఇష్టం.

2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' వచ్చినప్పుడు అల్లు అర్జున్ గోన గన్నారెడ్డిగా తెర మీదికి రాగానే హాలంతా ఈలలు వేసింది గదా! ఆ ఈల వేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అదే పేరుతో ఒక నవల ఎన్నో ఏళ్ళ కిందటే తెలుగు పాఠకుల్ని ఉర్రూతలూపిందని? ఆ నవల రాసింది అడివి బాపిరాజుగారు. ఆయన చిత్రకారుడు కూడా. అంతేకాదు, మన సినిమాలకు కళాదర్శకుడు!

1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రి కాలేజీలో చదివేటప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన్ని చేరదీశాడు. ఆ దొర స్వయంగా బొమ్మలు వేసేవాడు, కవిత్వమూ రాసేవాడు. చూశావా, గురువే రెండు పడవల మనిషి! తరవాత బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటర్జీగారి దగ్గర బాపిరాజుగారు చిత్రకళ నేర్చారు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకెళ్ళారు. లా చదివి ప్లీడరీ చేశారు. బందరు కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకత్వం వహించారు. ఇన్ని ఉద్యోగాల్లోనూ కుంచె వదల్లేదు, కలమూ వదల్లేదు.

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెడితే బహుమతిని ఇద్దరికి పంచవలసి వచ్చింది. ఒకటి విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', రెండోది బాపిరాజుగారి 'నారాయణరావు'. బొమ్మలు వేసేవాడికి రాత మీద శ్రద్ధ తగ్గుతుందనేవాళ్ళకు ఇంతకంటే జవాబేం కావాలి?

ఇక సినిమా సంగతి. 1936లో సి. పుల్లయ్యగారు పిల్లలతోనే 'అనసూయ', 'ధ్రువ విజయం' తీశారు. తరవాత 'మనదేశం' నిర్మించిన కృష్ణవేణిగారు తెర మీద తొలిసారి కనిపించింది ఆ 'అనసూయ'లోనే. ఆ రెండు చిత్రాలకూ కళాదర్శకత్వం బాపిరాజుగారిదే. తెలుగు టాకీకి అప్పటికి అయిదేళ్ళు కూడా నిండలేదు. మునుల ఆశ్రమం ఎలా ఉండాలి, రాజుగారి కొలువు ఎలా ఉండాలి అని తెర మీద ఊహించి చూపవలసిన రోజులవి.

ఇదంతా గోదావరి వాళ్ళ గొప్ప గదా, మనకేమిటి అంటావేమో. ఆగు! గుంటూరులో చిత్రకళ నేర్పడానికి ఒక సంస్థ పెట్టింది ఈయనే. 'హిమబిందు' నవల చదువు. శాతవాహనుల ధాన్యకటకం, అంటే మన అమరావతి. కథానాయకుడు సువర్ణశ్రీ ఎవరనుకున్నావ్? శిల్పి! కత్తి పట్టిన రాజకుమారుణ్ణి గాక ఉలి పట్టినవాణ్ణి హీరోని చేశాడు మన చిత్రకారుడు. అందులో విషకన్య కూడా ఉంది, నీకు నిద్ర పట్టదులే.

అమరావతి శిల్పాలు సగం మద్రాసు మ్యూజియంలోనూ, లండన్‌లోనూ ఉన్నాయి. 'అడివి శాంతిశ్రీ' చదివితే ఇక్ష్వాకుల విజయపురి కనిపిస్తుంది. ఆ విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయ నాగార్జునసాగర్ కట్టాక నీళ్ళ కిందికి పోయింది. 1952లో కన్నుమూసిన బాపిరాజుగారు ఆ నీళ్ళు చూడలేదు. కొన్ని కట్టడాలను మాత్రం కొండ మీదికి చేర్చి నిలబెట్టారు. మిగిలిన ఊరు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే సెట్టింగు వేసి చూపడానికి ఆయన లేడు, పుస్తకం ఉంది. కుంచె తెలిసిన చెయ్యి రాసింది గనక మన కళ్ళకు కడుతుంది.

ఆయన వేసిన దారి ఆయనతో ఆగిపోలేదు. మన గుంటూరు జిల్లా నుంచే మాధవపెద్ది గోఖలేగారు వచ్చారు. ఆయన కూడా కథలు రాసినవాడే, బొమ్మలు వేసినవాడే. కళాధర్‌గారితో కలిసి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) సెట్టింగులు ఆయన చేతి చలవే. ద్వారకను చూసి నోరు వెళ్ళబెడతాం గాని, టైటిల్స్‌లో ఆ పేరు వచ్చేసరికి మనం ఇంకా సీటు వెతుక్కుంటూ ఉంటాం!

సరే తమ్ముడూ, నీ సంగతి. బొమ్మలూ కథలూ నీకు అన్నం పెడతాయని నేను హామీ ఇవ్వను. బాపిరాజుగారికే ప్లీడరీ, పాఠాలు, పత్రిక కావలసి వచ్చాయి. కాబట్టి నాన్నగారితో పోట్లాడకు, టిక్కీలు తోలు. యార్డులో కాటా అయ్యేదాకా ఖాళీయే గదా! హమాలీల మొహాలు చూడు, ఎర్రటి ఘాటులో తుమ్ముతూ బేరాలాడే మనుషుల్ని చూడు. వాళ్ళని గీయి, వాళ్ళ కథే రాయి.

ఆ ఒక్క కథకీ బొమ్మ నువ్వే వేసి పంపించు. మాస్టారికి నేను జవాబు చెప్పుకుంటాను.