బుగ్గల ఎరుపుకు కౌంటర్ మీది క్రీమా?

బుగ్గల మీద, ముక్కు దూలం మీదుగా సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి దద్దు వచ్చి, ఎండకు వెళితే పెరుగుతోందా? ప్రతి ఎరుపూ లూపస్ కాదు. కానీ మందుల షాపులో అడిగి క్రీమ్ మాత్రం తెచ్చుకోకండి. మా ఓపీకి వచ్చే లూపస్ రోగుల్లో చాలామంది అప్పటికే స్టెరాయిడ్ కలిసిన ‘ఫెయిర్‌నెస్’ క్రీమ్ నెలల తరబడి రాసుకున్నవారే. రాసినన్నాళ్లూ ఎరుపు తగ్గినట్టే ఉంటుంది. లోపల చర్మం పల్చబడుతుంటుంది. కేంద్రం 2018లోనే 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్-హెచ్‌లో చేర్చింది. చీటీ లేని అమ్మకం ఇప్పటికీ ఆగలేదంటే ఆ తప్పు రోగులది కాదు.

సున్నిపిండి, నిమ్మరసం రుద్దడం మానండి (అమ్మమ్మలు ఏమీ అనుకోవద్దు). గోరువెచ్చని నీళ్లు, సువాసనలు లేని మాయిశ్చరైజర్ చాలు. ఎస్పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోండి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. యూవీఏ కిరణాలు కిటికీ అద్దాన్నీ దాటి వస్తాయి.

కీళ్ల నొప్పులు, నోటిపూత, జుట్టు రాలడం కూడా ఉంటే ఏఎన్‌ఏ ఒక్కటే చాలదు, మూత్రంలో ప్రొటీన్ పరీక్షా చేయించండి. లూపస్ కిడ్నీలను నొప్పి తెలియకుండానే దెబ్బతీస్తుంది. డాక్టర్ హైడ్రాక్సీక్లోరోక్విన్ రాస్తే, ముఖం బాగుపడిందని మధ్యలో ఆపేయకండి. ఆ మందు అరుదుగా రెటీనాను దెబ్బతీస్తుంది కనుక కంటి పరీక్షలనూ వాయిదా వేయకండి.