కొరియన్ యాప్‌లో గ్రీన్ టిక్ పడిందా? అప్పుడే సంబరపడకండి

కె-డ్రామాలు చూసి కొరియన్ యాప్ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తక్కువేం లేరు. నేనూ ఆ బ్యాచే. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: అక్షరాలు నేర్పడంలో ఈ యాప్‌లు సూపర్, హల్లులు పలికించడంలో మాత్రం దండగ.

అక్షరాలు నిజంగానే ఈజీ. సెజోంగ్ రాజు 1446లో ప్రకటించిన లిపి అది. 'క' లాంటి అక్షరానికి ఇంకో గీత చేరిస్తే ఊపిరి వదిలి పలికే 'ఖ' అయిపోతుంది. అదే అక్షరాన్ని పక్కపక్కనే రెండుసార్లు రాస్తే గొంతు బిగించి పలకాలి. కోడ్ రాసేవాళ్లకి ఈ డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది.

తలనొప్పంతా ఈ మూడు రకాల దగ్గరే. నిప్పు, గడ్డి, కొమ్ము... కొరియన్‌లో ఈ మూడు మాటలూ కొత్తలో మన చెవికి 'పుల్' లాగే వినిపిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటిదాన్ని 'బి'తో, రెండోదాన్ని 'పి'తో, మూడోదాన్ని రెండు 'పి'లతో రాస్తారు. అది చూసి మనం బ, ప అని ఫిక్సయిపోతాం. కానీ మాట మొదట్లో వచ్చే ఆ 'బి' మన 'బ' కాదు, కాస్త గాలి కలిసిన 'ప'. మన మామూలు 'ప'కి దగ్గరగా ఉండేది కొమ్ములోది, ఇంకాస్త బిగించాలంతే. గడ్డిలోది ఒత్తు 'ఫ', అయితే మనం ఫోన్ అన్నప్పుడు వచ్చే 'ఫ' కాదు. ఆ శబ్దం కొరియన్‌లో లేదు, కాఫీని కూడా వాళ్లు 'ప'కి ఊపిరి కలిపే అంటారు.

మనకి ఒత్తులున్నాయిగా అంటారేమో. ఉన్నాయి, పుస్తకాల్లో. భోజనాన్ని 'బోజనం' అనేసే నోళ్లు మనవి!

పైగా అదే 'బి' అక్షరం రెండు అచ్చుల మధ్య వస్తే నిజంగానే 'బ' అవుతుంది. దంపతులు అనే మాటలో అది రెండుసార్లు ఉంటుంది, పలికితే 'పుబు'. మీ టీమ్‌లో తమిళ కొలీగ్ ఉంటే అడగండి, వాళ్ల లిపిలోనూ ప, బలకి ఒకటే అక్షరం.

అసలు సంగతి ఇంకోటుంది. ఇప్పటి సియోల్ కుర్రకారు మాటల్లో నిప్పుకీ గడ్డికీ తేడా గాలిలో కన్నా తర్వాతి అచ్చు పిచ్‌లోనే ఎక్కువ. నిప్పు అన్నప్పుడు గొంతు కింద మొదలవుతుంది, గడ్డికి పైన. నేను వాడిన ఏ యాప్ కూడా ఈ ముక్క చెప్పలేదు. వాక్యం మొత్తం చదివిస్తాయి, సందర్భాన్ని బట్టి ఇంజిన్ మాటని ఊహించేస్తుంది, టిక్ పడిపోతుంది. టోపిక్ మొదటి స్థాయి పరీక్షలోనూ వినడం, చదవడమే కాబట్టి అక్కడా దొరకం. సరదాకి నేర్చుకునేవాళ్లకి పర్లేదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అలాంటి చోట కొరియన్ ఇంజనీర్లతో మాట్లాడాలని నేర్చుకునేవాళ్లు ఆ టిక్‌ని నమ్ముకుంటే కష్టం.

ప్రీమియం ప్లాన్‌కి డబ్బులు కట్టేముందు ఫ్రీగా అయ్యే పనులు చూడండి. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆఫ్ చేసేయండి. నేవర్ డిక్షనరీలో ఆ మూడు మాటల ఆడియో వినండి, వాక్యంలో కాకుండా విడివిడిగా మీ గొంతు రికార్డ్ చేసి పోల్చుకోండి. నోటి ముందు టిష్యూ పేపర్ పట్టుకుంటే గడ్డికి బాగా ఊగాలి, కొమ్ముకి దాదాపు కదలకూడదు. నిప్పు సంగతి మాత్రం టిష్యూతో తేలదు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ల ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో రికార్డింగ్ ఓపెన్ చేసి పిచ్ గీత చూడాల్సిందే. దానికి ల్యాప్‌టాప్ కావాలి.