బంతి వెల యెవరు చెల్లింపవలయును?

సిరిసిల్లలో సాంచె నడపు కార్మికుని యిల్లు తలచుకొనుడు. తల్లి భక్తి కార్యక్రమములు చూచును. ఇల్లాలు సీరియళ్లు చూచును. క్రికెట్టు చూచువా రాయింట లేరు. అయినను నెలనెల కేబులు బిల్లులో క్రికెట్టునకై కొంత సొమ్ము పోవుచునే యున్నది. ఎందులకని ముసలమ్మ యడిగినచో "ప్యాకులనే వస్తదమ్మా" యని బిల్లు వసూలుచేయువాని సమాధానము. అంతకు మించి పాప మాతనికిని దెలియదు. ఇది పన్ను కాదు, దానము కాదు, కొనుగోలును గాదు. అడుగని సరకు నంటగట్టి వెల రాబట్టుటయే.

ఈ వెల పుట్టువు చూడుడు. 2022 జూనులో క్రికెట్టు బోర్డు 2023 మొదలు 2027 వఱకు ఐ.పి.ఎల్. ప్రసార హక్కులను వేలము వేసెను. మన దేశమున టెలివిజను హక్కులు డిస్నీ స్టార్ సంస్థకు 23,575 కోట్ల రూపాయలకు దక్కెను. 410 పోటీలకు లెక్కించి పాడిన పాట యది. పోటీ యొక్కింటికి 57 కోట్ల 50 లక్షలు! ఇరుపక్షముల యోవర్లును పూర్తియైనచో బంతులు 240 గదా. బంతి వెల సుమారు 24 లక్షలు. వైడు బంతులు కొసరు కాబోలు. ఆనాడు డిజిటల్ హక్కులు గొన్న సంస్థయు నీ సంస్థయు 2024 నవంబరులో నేకమైనవి. క్రికెట్టు అంగడిలో బేరమునకు గల తావు మఱింత కుంచించుకొనిపోయినది.

వేలములో పాట పాడినది సిరిసిల్ల ముసలమ్మ కాదు. మఱి పాట సొమ్మామె యేల చెల్లింపవలయును?

ట్రాయ్ 2017లో నూతన ధరల విధానమును రూపొందించి 2019 ఫిబ్రవరి నుండి యమలు జరిపినప్పుడు, కోరుకొన్న ఛానెలునకే చెల్లింపుడను మాట విని మేమును సంతోషించితిమి. కాని 19 రూపాయలకు మించని ఛానెలును ప్యాకులో జేర్చవచ్చునని యొక దొడ్డిదారి విడిచిరి. పెక్కు ప్రధాన ఛానెళ్ల వెల సరిగా 19 కడనే వచ్చి నిలిచెను! 2020లో నీ హద్దును 12కు దించిరి. ప్రసార సంస్థలు న్యాయస్థానముల కెక్కెను. 2022 నవంబరులో మరల 19కే చేర్చిరి. రెండు మూడు ఛానెళ్లు విడిగా గోరినచో ప్యాకు వెల దాపునకు వచ్చునట్లు ధరలు నిలిపి, దీనికి స్వేచ్ఛయని పేరిడుట పరిహాసము.

అందఱును తలా కొంత భరించినగాని క్రీడాభిమానికి ఛానెలు చౌకగా దొరకదని ప్రసారకు లందురు. చౌక యెవరి ఖర్చున? చూచువారే చెల్లించినచో వెల నాలుగింత లగునా? కానిండు! అప్పుడు చూచువాడు బేరమాడును, వలసినచో మానుకొనును. రాబోవు వేలమున పాట దిగును. బోర్డు పెట్టె కొంత తేలికయగును. అందువలన క్రీడ నశించునని మేము నమ్మము. బంతికి 24 లక్షలు లేని 1983లోనే కపిల్ దేవ్ లార్డ్స్ మైదానమున ప్రపంచ కప్పు నందుకొనెను.

దేశము పేర నాడు జట్టు మాట వేఱు. జాతీయ ప్రాముఖ్యము గలవని ప్రభుత్వము ప్రకటించిన పోటీల ప్రసారమును ప్రసార భారతితో బంచుకొనవలెనని 2007 నాటి చట్టము శాసించుచున్నది. అది దూరదర్శన్ భూతల ప్రసారమునకును, దాని స్వంత ఉచిత డిష్షునకును మాత్రమే చెందునని, ప్రైవేటు కేబులునకు జెందదని 2017 ఆగస్టు 22న సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. కావున కేబులుదారు దూరదర్శన్ పెట్టుకొన్నను నా పోటీ కానరాదు! ప్రసార తరంగములు ప్రజల యాస్తియని 1995లో వక్కాణించినదియు నా న్యాయస్థానమే. తీర్పు శిరోధార్యము; చట్టమును సవరించుట పార్లమెంటు పని. ఉభయ తెలుగు రాష్ట్రముల సభ్యులలో నొక్కరైన నీ సవరణ ప్రతిపాదింతురా? ట్రాయ్ వారు క్రీడా ఛానెలును ప్యాకునుండి వెలికిదీసి, కోరినవాని బిల్లులోనే ప్రత్యేకముగ వ్రాయించుటకు పార్లమెంటు సమావేశముల వఱకు వేచియుండ నక్కఱలేదు.