ఆట రొట్టె

మా నెల్లూరులో రొట్టెల పండగకి వెళ్ళని ఆడవాళ్ళు ఉంటే ఉండవచ్చు గాని, ఆ పండగ సంగతి తెలియనివాళ్ళు మాత్రం ఉండరు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి నిలబడతాం. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు. కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు. తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. "పెళ్ళి రొట్టె!", "ఉద్యోగ రొట్టె!", "ఇంటి రొట్టె!" అంటూ ఒకటే కేకలు. నీదే మతమని అక్కడ ఎవరూ అడగరు.

నేనూ చాలా రొట్టెలే పట్టుకున్నాను. సంతాన రొట్టె, మావారి ప్రమోషను కోసం ఉద్యోగ రొట్టె, అమ్మాయికి పెళ్ళి రొట్టె, అబ్బాయికి వీసా రొట్టె. ఒకరోజు తీరిగ్గా కూర్చుని లెక్కేసుకుంటే, నా ఒక్కదాని కోసం పట్టుకున్న రొట్టె ఒక్కటీ తేలలేదు.

ఆ వీసా రొట్టె పుణ్యమా అని మొన్న వేసవిలో అమెరికా వెళ్ళాను. ఒక ఆదివారం మా అబ్బాయీ వాడి స్నేహితులూ గోల్ఫు పోటీ పెట్టుకున్నారు. కప్పులూ గిప్పులూ ఏమీ లేవు, ఉత్త సరదాకి. గోల్ఫంటే ఎత్తైన గోడా, గేటు దగ్గర మీసాల జవానూ, లోపల దొరబాబులూ అని కదా మన లెక్క! తీరా చూస్తే అది ఒక కుటుంబం నడుపుకునే మైదానం. ఒకప్పుడు వాళ్ళ పొలమేనట. తండ్రి గడ్డి కోసే యంత్రం మీద, కొడుకు డబ్బు పుచ్చుకునే బల్ల దగ్గర, కోడలు కాఫీ దగ్గర. అచ్చం మన మైపాడు రోడ్డు మీద ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే టిఫిను హోటల్లా ఉంది. సభ్యత్వం అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. రుసుము కట్టినవాళ్ళెవరైనా ఆడుకోవచ్చు. ఆ దేశంలో ఎక్కువ మైదానాలు ఇలా అందరికీ తెరిచి ఉన్నవేనట.

ఆడే పద్ధతి కూడా నాకు నచ్చింది. స్క్రాంబుల్ అంటారు. నలుగురు ఒక జట్టు. నలుగురూ బంతి కొడతారు. ఎవరి బంతి మంచి చోట పడిందో చూసి, అందరూ అక్కడి నుంచే మళ్ళీ కొడతారు. చేతకానివాడు కూడా సిగ్గుపడక్కర్లేదు, పక్కవాడి దెబ్బ వాడికీ పనికొస్తుంది.

అంతా బాగానే ఉంది. ఆడింది పదహారుమంది. పదహారుగురూ మగవాళ్ళే! కోడళ్ళందరూ చెట్టు కింద బల్ల మీద పులిహోరా పెరుగన్నం సర్దుతున్నారు. వాళ్ళేమైనా చదువుకోనివాళ్ళా? మా కోడలి జీతం మా అబ్బాయి జీతం కంటే రెండాకులు ఎక్కువే.

"నువ్వూ వెళ్ళి ఆడవేమ్మా?" అన్నాను.

"నాకు రాదత్తయ్యా."

"వాళ్ళకి మాత్రం వచ్చా?"

ఆ క్షణంలోనే మా సుపుత్రుడు కొట్టిన బంతి చెరువులో పడింది. కోడలు నవ్వింది గాని, గరిటె మాత్రం కింద పెట్టలేదు.

గేటు పక్కన చాపలా కత్తిరించిన చిన్న పచ్చిక ఉంది. అక్కడ ఆ ఇంటి పెద్దావిడ, ఎనభైకి దగ్గరలో ఉంటుంది, ఒంటరిగా బంతిని గుంటలోకి తోస్తోంది. పడటం లేదు. పడనప్పుడల్లా తనలో తను నవ్వుకుంటోంది. నేను చూస్తున్నానని గమనించి కర్ర నా చేతికిచ్చింది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. ఒకటి, రెండు, మూడు... ఆరో దెబ్బకి బంతి టక్కున గుంటలో పడింది. నా నోటి నుంచి అంత కేక వస్తుందని నాకే తెలియదు!

మా అబ్బాయి అవతలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? పడ్డావా?"

చూశారా! అమ్మ కేక వేస్తే పడిపోయిందేమో అని తోచింది గాని, ఆడుకుంటోందేమో అని తోచలేదు. వాణ్ణి అనడమెందుకు? నాకు మాత్రం ఎన్నేళ్ళుగా తోచింది గనకనా?

పెళ్ళికి ముందు కాలేజీలో నేను టెన్నికాయిట్ ఆడేదాన్ని. మేం "రింగు" అనేవాళ్ళం. వల మీదుగా రబ్బరు చక్రం విసిరితే కింద పడకుండా పట్టుకుని మళ్ళీ విసరాలి. మా పెళ్ళిలో బంతులాట ఆడించారు. పెళ్ళికొడుకు పూలబంతి విసిరితే పట్టుకున్నాను, అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆడిన చివరి ఆట అదే.

ఆ తరవాత గడప దాటాలంటే ప్రతిసారీ ఒక కారణం కావలసి వచ్చింది. గుడికి, బజారుకి, ఆస్పత్రికి, పేరంటానికి. ఆఖరికి షుగరు వచ్చి డాక్టరుగారు చెబితే గాని సాయంత్రం నడవడానికి కూడా వీలు కాలేదు. మగవాడికి గాలి పీల్చుకోవడమే కారణం. మనకు గాలి పీల్చుకోవాలంటే రోగం రావాలి!

ఇది మన దేశపు జబ్బే అనుకునేరు. ఈ గోల్ఫు స్కాట్లండులో, సముద్రానికీ పొలాలకీ నడుమ పంటకి పనికిరాని ఇసుక నేలల్లో పెరిగిన ఆట. అంటే మన మైపాడు, కోడూరు దిబ్బల్లాంటి చోటన్నమాట. ఆ దేశపు రాణి మేరీ 1567లో భర్త హత్య జరిగిన కొద్దిరోజులకే గోల్ఫు ఆడిందని శత్రువులు నింద వేశారు. తర్వాత మూడు వందల ఏళ్ళకి, 1867లో, సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళో ఆడవాళ్ళు సొంతంగా ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అందులో బంతిని గుంటలోకి మెల్లగా తోయడమే. కర్రని భుజం దాటి ఎత్తడం ఆడవాళ్ళకి మర్యాద కాదని ఆనాటి పెద్దల అభిప్రాయం మరి! అదే ఊళ్ళో 1754లో పుట్టిన మగవాళ్ళ క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా ఆగింది. రెండు వందల అరవై ఏళ్ళు!

మన దగ్గర అలాంటి నిబంధనలు రాసి పెట్టరు. ఆ ఖర్చు కూడా దండగే. "ఏందిమే, ఈ వయసులో గంతులు?" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అనేది కూడా చాలాసార్లు మనమే. మా అమ్మాయి పదమూడో ఏట ఖోఖో జట్టుకి ఎంపికై ఇంటికి ఎగురుకుంటూ వచ్చింది. "ఇంక చాల్లే, పెద్దదానివయ్యావు" అన్నది వాళ్ళ నాన్న కాదు, నేను. అది మారుమాట్లాడకుండా బూట్లు విప్పి అటక మీద పెట్టింది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ బూట్లే.

"ఇప్పుడు ఆడపిల్లలు ఆడటం లేదా?" అంటారు. ఆడుతున్నారు. మల్లేశ్వరి 2000లో సిడ్నీ నుంచి కాంస్యం తెచ్చింది. సింధు 2016లో రజతం, 2021లో కాంస్యం తెచ్చింది. ఆ ఏడే టోక్యో ఒలింపిక్స్ గోల్ఫులో అదితీ అశోక్ నాలుగో స్థానంలో నిలిస్తే, ఆమె సంచి మోసుకుంటూ వెంట నడిచింది కన్నతల్లి. వీళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెడతాను. కాని అమ్మా, పతకం కూడా ఒక కారణమే! పతకం తేలేని ఆడది ఆడకూడదా? వీధిలో షటిల్ ఆడే మగవాళ్ళందరూ ఒలింపిక్స్‌కి వెళ్ళేవాళ్ళేనా?

"మన సంప్రదాయం కాదు" అంటారు. అచ్చంగాయలు, వామనగుంటలు, చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ళ ఎవరి సంప్రదాయం? సంప్రదాయం మనకి ఆటలు నేర్పింది. మానమన్నది ఇరుగుపొరుగు.

"తీరికేదీ?" అంటారు. నిజమే. కార్తీకమాసంలో వనభోజనాలకని మైపాడు సరుగుడు తోపుకి వెళితే ఎవరికి తీరిక ఉంటుందో చూడండి. మగవాళ్ళూ మగపిల్లలూ కర్రలు పాతి క్రికెట్ మొదలుపెడతారు. మనం విస్తళ్ళు వేస్తాం, వడ్డిస్తాం, ఎత్తుతాం. ఎదురుగా అంత సముద్రం ఉన్నా మనకి కనిపించేది సాంబారు గిన్నే. తీరిక ఒకరు ఇచ్చేది కాదు. పని పంచితే మిగిలేది.

అందుకే ఈ కార్తీకంలో క్యారియర్లతో పాటు ఒక రబ్బరు రింగు, ఒక నులక తాడు పట్టుకెళ్ళాను. రెండు సరుగుడు చెట్ల మధ్య తాడు కట్టాను. అరగంటసేపు ఎవరూ కదల్లేదు. నలుగురు నోళ్ళు నొక్కుకున్నారు. చివరికి మా ఆడపడుచు, మోకాళ్ళ నొప్పుల మనిషి, లేచి వచ్చి "ఒక్కసారి ఎయ్యి వదినా, చూద్దాం" అంది. ఆమె వెనక తోడికోడలు, ఆమె వెనక పక్కింటి టీచరమ్మ. నేర్చినవాళ్ళనీ రానివాళ్ళనీ కలిపి జట్లు కట్టాం. లెక్క ఎవరూ రాయలేదు. మా అమ్మాయి కాసేపు చూసి, చెప్పులు విప్పి ఇసకలోకి వచ్చింది. నేను విసిరిన రింగు ఎగిరి పట్టుకుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను.

మావారు వచ్చి "భోజనాలెప్పుడు?" అన్నారు.

"విస్తళ్ళు ఆ సంచిలో ఉన్నాయి. మీరు వేస్తూ ఉండండి, వస్తాం" అన్నాను.

ఆకాశం విరిగి మీద పడలేదు. విస్తళ్ళు కొంచెం వంకరగా పడ్డాయి, అంతే.

వచ్చే మొహర్రానికి స్వర్ణాల చెరువుకి మళ్ళీ వెళతాను. ఈసారి అడగడానికి కాదు, ఇవ్వడానికి. ఎవరి దగ్గరా పట్టుకోకుండానే తీరిన కోరిక గనక ఆ రొట్టె బాకీ నా మీద ఉంది. అన్ని కేకల మధ్య నేనూ "ఆట రొట్టె! ఆట రొట్టె!" అని కేకవేస్తాను. పక్కనున్నవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. చెయ్యి చాచడానికి మీలో ఎవరొస్తారు?