పెద్దకర్మలోపల చేయవలసిన పని

ఖమ్మము మొదలు భద్రాచలపు అడవుల వఱకు ఏ పల్లెలోనైనను ఇంటి యజమాని గతించినప్పుడు పెద్దకర్మ దినమును మఱచినవారిని మేము ఎఱుగము. అప్పుచేసియైనను బంధువులకు భోజనము పెట్టుదురు. మరణమును గ్రామపంచాయతీలో వ్రాయించుట మాత్రము విత్తనముల అదనుకో, ఋణపు వాయిదాకో గాని జ్ఞప్తికి రాదు.

మేము ప్రత్తిచేలు చూడబోయిన యొక గ్రామమున ఒక రైతమ్మ భర్తను పోగొట్టుకొని ఏడాది దాటినది. పాసుపుస్తకము ఇంకను అతని పేరనే యున్నది. బీమాకు నామినీగా వ్రాయించిన అత్తగారు అంతకు ముందే కాలము చేసియుండిరి. సేద్యమంతయు ఆమెదే, కాగితములలో ఆమె పేరు ఎచ్చటను లేదు.

1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి 21 దినములలో మరణమును తెలుపవలెను. అప్పుడు రుసుము లేదు. ఆలస్యమైనకొలది రుసుమును, అనుమతులును, ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలసివచ్చును. ధ్రువపత్రము లేనిదే ఏ పనియు సాగదు. 2018 ఆగష్టులో ఆరంభమైన రైతుబీమా, 18 మొదలు 59 ఏండ్ల లోపు పట్టాదారు మరణించినచో నామినీకి 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు ఏర్పడినది. భూమి మార్పు వేఱు. దానికి వారసులు తహసీల్దారునకు విరాసతు దరఖాస్తు పెట్టుకొనవలెను. బీమాకు నామినీ యైనంతమాత్రమున భూమి సంక్రమింపదు. ఈ రెంటిని ఒకటిగా నెంచి అన్నదమ్ములు కలహించుట మేము చూచితిమి.

పోడుభూముల విషయమున 2006 నాటి అటవీహక్కుల చట్టము స్పష్టముగ నున్నది. వివాహితులైనచో హక్కు భార్యాభర్తలిద్దఱి పేర నమోదు కావలెను. అది వారసులకు చెందునే గాని అమ్ముటకు వీలులేదు. కావున భర్త పోయెనని గిరిజన స్త్రీ తన చేనిని విడువనక్కఱలేదు. “నీ పట్టా ఇక చెల్లదు” అని బెదిరించువారి మాట నమ్మనక్కఱలేదు.

శవము లేచిన యింట కాగితముల మాట యెత్తుట కఠినమని కొందఱందురు. చదువురాని విధవరాలిని ఏడాదిపాటు కచేరీల చుట్టు త్రిప్పుట అంతకన్న కఠినము గాదా?

మా సూచన యిది: సభ్యుడు మరణించినచో సంఘపాలకులలో నొకరు పెద్దకర్మలోపల ఆ యింటికి పోయి, దరఖాస్తులు వ్రాయించి, పంచాయతీ కార్యదర్శి వద్దకు తోడు పోవలెను. వానకాలపు ఋణములిచ్చునపుడు ప్రతి సభ్యుని నామినీ జీవించియున్నదీ లేనిదీ విచారింపవలెను. రైతుసోదరులు నేటి రాత్రియే పాసుపుస్తకమును, బ్యాంకుపుస్తకమును, ఆధారుకార్డును ఒక్క పెట్టెలో నుంచి, ఆ పెట్టెను భార్యకు చూపవలెను. బ్రతికియుండగా చూపనిది పోయిన పిదప ఎవరు చూపుదురు?