గర్భిణి మనసును అడిగేవారేరి?

గర్భం నిలవడానికి మనఃప్రసన్నతను మించినది లేదని చరకసంహిత సూత్రస్థానంలో చెప్పబడింది. అదే గ్రంథం శారీరస్థానంలో గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రవలె తొణకకుండా కాపాడుకొమ్మన్నది. మన ఇండ్లలో మాత్రం ఏమి తినవలెనో చెప్పేవారే అందరూ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఈ లోటు నాకు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పాలమూరు వలసలు అందరూ ఎరిగినవే. భర్త దూరాన ఉంటే ఇల్లాలు దిగులును దిగమ్రింగుకొని పని చేసుకుపోతుంది. 2022 డిసెంబరులో రక్తహీనత అధికంగా ఉన్న 9 జిల్లాలలో ప్రభుత్వం గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడం ప్రారంభించింది. గద్వాల, నాగర్‌కర్నూలు వాటిలో ఉన్నాయి. నెయ్యి, ఖర్జూరం, ఐరన్ సిరప్ మంచివే. మనసు సంగతి ఏ కిట్టులోనూ లేదు!

37 వారాలు నిండకముందు జరిగేది అకాల ప్రసవం. దీర్ఘకాలపు కుంగుబాటు, ఆందోళన ఆ ప్రమాదాన్ని కొంత పెంచుతాయని పరిశోధనలు తెలుపుతున్నాయి. ఇన్ఫెక్షన్లు, రక్తపోటు, కవల గర్భం వంటి కారణాలూ ఉన్నాయి. కనుక "నీవు ఏడ్చినందుకే ఇలా అయింది" అని కోడలిని నిందించడం అన్యాయం. ఆ మాట నేను మా బంధువుల ఇంటనే విన్నాను.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తప్పి, దేనిపైనా ఆసక్తి లేకుంటే వైద్యునికి చూపించండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. నిద్రకోసమని అశ్వగంధ వంటివి సొంతంగా ఇవ్వకండి. నెలలు నిండకముందే నొప్పులు ఆగి ఆగి వచ్చినా, ఉమ్మనీరు కారినా కషాయాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చండి.